గురి కణితి మీదే

సండూరు కొండల మట్టిలో ఇనుము ఎంతుందో తెలుసుకోవడానికి భూగర్భ శాస్త్రం చదవనక్కర్లేదు. వానాకాలంలో వాగు రంగు చూస్తే చాలు. బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో ఒక కొసన చోరనూరు హోబళి, ఇంకో కొసన తోరణగల్లు ఉక్కు కర్మాగారం, నడుమ గనులు. దోణిమలైలో ఎన్‌ఎండీసీ 1977 నుంచి ఖనిజం తవ్వుతోంది. 2011 జులైలో జిల్లాలో తవ్వకాలు ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు దేశమంతా ఇక్కడి ఇనుము గురించే మాట్లాడుకుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్న ఈ సరిహద్దు నేలలో ఇనుమంటే టన్నులు, లారీలు, రైల్వే వ్యాగన్లు.

అదే ఇనుమును తలవెంట్రుక మందంలో వెయ్యోవంతుకు తగ్గించి, క్యాన్సర్ కణితిలోకి పంపి, అక్కడి కణాలను లోపలి నుంచే చంపించే ప్రయత్నం పదేళ్లుగా ఎన్నో దేశాల ల్యాబుల్లో సాగుతోంది. చంపే పని ఇనుము నేరుగా చెయ్యదు. అది పుట్టించే ఫ్రీ రాడికల్స్ చేస్తాయి.

ఫ్రీ రాడికల్స్ అనగానే మనకు గుర్తొచ్చేది ముడతలు, ముసలితనం, వాటిని ఆపుతామని చెప్పే గ్రీన్ టీ, విటమిన్ మాత్రల ప్రకటనలు. శరీరానికి అవి శత్రువులన్న మాట అందరి నోటా నానింది. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం క్యాన్సర్ వార్డుల్లో కనిపిస్తుంది. రేడియేషన్ తీసుకుని బతికి బయటపడ్డ లక్షల మందిని కాపాడటంలో పెద్ద వంతు ఈ ఫ్రీ రాడికల్స్‌దే.

అణువుల్లో ఎలక్ట్రాన్లు మామూలుగా జంటలుగా ఉంటాయి. జంట లేని ఎలక్ట్రాన్ మిగిలిన అణువే ఫ్రీ రాడికల్. పక్కన ఏది దొరికితే దాన్నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని తన లోటు తీర్చుకుంటుంది. వీటిలో అన్నిటికన్నా ఉగ్రమైంది హైడ్రాక్సిల్ రాడికల్. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, అంతే. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లో వంతు. ఆ కాస్తలో పుట్టిన చోటి నుంచి కొన్ని నానోమీటర్లు కదిలితే గొప్ప. మన డీఎన్‌ఏ పోగు మందమే రెండు నానోమీటర్లు. అంటే డీఎన్‌ఏను తెంచాలంటే ఆ రాడికల్ దాని పక్కనే పుట్టాలి. ఫ్యాక్టరీలో తయారుచేసి, సీసాలో పోసి, సెలైన్‌తో పాటు ఎక్కించడం కుదరని పని. పంపగలిగేది ముడిసరుకునే. తయారీ మాత్రం కణితిలోనే జరగాలి.

కరెంటు గదిలో జరిగేది

పల్లెల్లో ‘కరెంటు పెట్టించుకోవడం’ అనే రేడియేషన్ చికిత్స సరిగ్గా ఈ పనే చేస్తుంది. గొంతు క్యాన్సర్ రోగిని బల్ల మీద పడుకోబెడతారు. వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద అచ్చు తీసిన ప్లాస్టిక్ మాస్కును బల్లకు బిగిస్తారు, తల అంగుళం కూడా కదలకుండా. టెక్నీషియన్ బయటికి వెళ్లి బరువైన తలుపు మూస్తారు. యంత్రం తల చుట్టూ తిరుగుతుంది. నొప్పి ఉండదు, వేడి తెలియదు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. రోజుకు రెండు గ్రేల (రేడియేషన్ మోతాదుకు కొలమానం) చొప్పున ఆరేడు వారాలు ఇదే వరస.

ఆ నిమిషాల్లో లోపల జరిగేది చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కణంలో ఎక్కువ భాగం నీరే. ఎక్స్‌రే తగిలి నీటి అణువులు చీలిపోయి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. ఎక్స్‌రేల వల్ల డీఎన్‌ఏకు జరిగే నష్టంలో మూడింట రెండొంతులు వీటి చేతుల మీదుగా జరిగేదే. ఒక్క గ్రే మోతాదుకు ఒక్కో కణంలో డీఎన్‌ఏ నిచ్చెన ఒకవైపు సుమారు వెయ్యి చోట్ల, రెండువైపులా సుమారు నలభై చోట్ల తెగుతుంది. ఒకవైపు తెగినవాటిని కణం అతికించుకుంటుంది. రెండువైపులా తెగినవే దానికి ప్రాణాంతకం.

ఇంత శక్తి ఉన్న చికిత్సకు లొంగని కణుతులు ఎందుకున్నాయి? జవాబు 1950లలో ఇంగ్లండ్‌లో దొరికింది. ఎల్.హెచ్. గ్రే, ఆయన సహచరులు 1953లో ఆక్సిజన్ మహిమను లెక్కలతో చూపించారు. రాడికల్ చేసిన గాయాన్ని మానకుండా స్థిరపరిచేది ఆక్సిజన్. అది లేని చోట అదే ఫలితం కోసం రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ మోతాదు ఇవ్వాలి. 1955లో థామ్లిన్‌సన్, గ్రే ఊపిరితిత్తుల కణుతులను కోసి చూస్తే, రక్తనాళానికి మిల్లీమీటరులో ఐదారోవంతు దూరం దాటాక కణాలు ఊపిరాడక చచ్చిపడి ఉన్నాయి. చచ్చినవాటికీ బతికినవాటికీ మధ్య సందులో, అరకొర ఆక్సిజన్‌తో బతికే కణాలే అసలు ముప్పు. రేడియేషన్‌ను తట్టుకుని, చికిత్స అయ్యాక మళ్లీ పెరిగేవి అవే.

ఈ ముడి విప్పడానికి ఒక తెలుగు భౌతిక శాస్త్రవేత్త జీవితంలో పెద్ద భాగం ధారపోశారు. భీమవరం ప్రాంతం నుంచి అమెరికా వెళ్లిన డాక్టర్ ముదుండి రామకృష్ణ రాజు బర్క్‌లీలో, తర్వాత లాస్ అలమోస్‌లో పనిచేశారు. ఎక్స్‌రేల బదులు బరువైన కణధారలు వాడితే ఆక్సిజన్ మీద ఆధారపడాల్సిన అవసరం తగ్గుతుందా అన్నది ఆయన ప్రశ్న. లాస్ అలమోస్‌లో పై మీసాన్లు అనే, పరమాణువు కన్నా చిన్న రేణువులతో రోగులకు చికిత్స చేసి చూశారు. ఆ రేణువు వేగం తగ్గి ఆగిన చోట, ఏదో ఒక పరమాణు కేంద్రకంలోకి చొరబడి దాన్ని బద్దలు చేస్తుంది. నష్టం అంతా ఆగిన చోటే. ఆలోచన అద్భుతమైంది. ఫలితాలు మాత్రం ఆశించినంత రాలేదు. మామూలు రేడియేషన్ కన్నా మెరుగని తేలకపోవడంతో 1980ల మొదట్లో అక్కడి చికిత్సలు ఆగిపోయాయి. రాజు 1980లో రాసిన ‘హెవీ పార్టికల్ రేడియోథెరపీ’ పుస్తకం ఈ రంగంలో మొదటి సమగ్ర గ్రంథాల్లో ఒకటి. ఆ తర్వాత ప్రోటాన్, కార్బన్ ధారలు నిలదొక్కుకున్నాయి. జపాన్‌లోని చిబాలో 1994లో కార్బన్ చికిత్స మొదలైంది, చెన్నైలో 2019లో ప్రోటాన్ కేంద్రం తెరుచుకుంది. రాజు మాత్రం స్వదేశానికి తిరిగొచ్చి, భీమవరం పక్కన పెదఅమిరంలో పల్లె రోగుల కోసం క్యాన్సర్ ఆసుపత్రి నడిపే పనిలో పడ్డారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. ల్యుకేమియా పిల్లలకు 1940లలో తొలి ఆశ చూపిన అమినోప్టెరిన్ వెనకున్న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టిందీ భీమవరంలోనే. ఈ ఇద్దరికీ మన పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త చోటు ఉండాలి.

ఇనుముకు వచ్చిన పని

బయటి నుంచి ధారలు పంపే దారి యాక్సిలరేటర్లతో, వందల కోట్లతో ముడిపడింది. రెండో దారి రసాయన శాస్త్రంలో ఎప్పుడో సిద్ధంగా ఉంది. 1894లో కేంబ్రిడ్జిలో హెచ్.జె.హెచ్. ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త టార్టారిక్ ఆమ్లానికి కాస్త ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే ఆ ఆమ్లం వేగంగా ఆక్సీకరణ చెందుతుందని రాశారు. ఇనుము తన ఎలక్ట్రాన్‌ను పెరాక్సైడ్‌కు ఇవ్వగానే అది చీలి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుందన్న వివరణ 1930లలో హేబర్, వైస్‌ల నుంచి వచ్చింది. ఎక్స్‌రేతో పని లేదు, యంత్రంతో పని లేదు.

క్యాన్సర్ కణాలు తమ వేగవంతమైన జీవక్రియలో మామూలు కణాల కన్నా ఎక్కువ పెరాక్సైడ్ తయారుచేసుకుంటాయి. కణితి చుట్టూ ఆమ్లగుణం కూడా కాస్త ఎక్కువ. అంటే ఫెంటన్ చర్యకు కావాల్సిన సరుకులో సగం కణితి దగ్గరే ఉంది. ఇనుము చేర్చడమే మిగిలింది. 2016లో షాంఘైలో షీ జియాన్‌లిన్, బు వెన్‌బో బృందం ఇనుప నానో రేణువులను ఎలుకల కణుతుల్లోకి పంపి ఈ పని చేయించింది. దానికి కీమోడైనమిక్ థెరపీ అని పేరు పెట్టారు. అదే ఏడాది అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో హైకే డాల్డ్రప్-లింక్ బృందం ఇంకో సంగతి గమనించింది. ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప నానో మందు 2009 నుంచే కిడ్నీ రోగుల రక్తహీనతకు అమెరికాలో వాడుకలో ఉంది. దాన్ని రొమ్ము కణితి ఉన్న ఎలుకలకు ఇస్తే కణితి పెరుగుదల మందగించింది. అప్పటిదాకా కణితికి దాసోహమన్న మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు దాని మీదే తిరగబడ్డాయి. రక్తం పెంచే మందులో ఈ గుణం దాగుందని ఎవరూ ఊహించలేదు.

ఇనుముతో కణం చావడం గురించిన అవగాహన అంతకు నాలుగేళ్ల ముందే మారింది. 2012లో కొలంబియా యూనివర్సిటీలో బ్రెంట్ స్టాక్‌వెల్ బృందం, ఇనుము వల్ల కణం పొరలోని కొవ్వులు ఆక్సీకరణ చెంది కణం చనిపోయే ప్రత్యేక పద్ధతిని గుర్తించి ఫెరోప్టోసిస్ అని పిలిచింది. కీమోకు మొండికేసిన క్యాన్సర్ కణాల్లో కొన్ని ఈ దెబ్బకు లొంగుతాయి. అందుకే ఈ మాట ఇప్పుడు క్యాన్సర్ సదస్సుల్లో తరచూ వినిపిస్తోంది.

అయితే ఫెంటన్ చర్య జోరుగా సాగేది నిమ్మరసమంత పుల్లటి ద్రావణంలో. కణితి ఆమ్లగుణం అందులో ఆవగింజంత కూడా ఉండదు. పైగా క్యాన్సర్ కణాలు గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని మెండుగా నిల్వ చేసుకుని, పుట్టిన రాడికల్స్‌ను పుట్టినట్టే చల్లారుస్తాయి. అందుకే ల్యాబుల్లో ఇనుముకు తోడు రాగి, మాంగనీస్ చేరుస్తున్నారు. కొందరు గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును జోడిస్తున్నారు. అది కణితి చక్కెరను తినేసి పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఒకే పనితో కణితికి తిండి తగ్గుతుంది, ఇనుముకు సరుకు పెరుగుతుంది.

ఆక్సిజన్ గొడవే లేని దారి ఒకటి 2017లో అట్లాంటాలోని జార్జియా టెక్‌లో యూనాన్ షియా బృందం నుంచి వచ్చింది. వాళ్లు వాడింది బంగారంతో చేసిన బోలు పంజరాలు. గోడలకు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. లోపల వేడి తగిలితే చీలి, ఆక్సిజన్ లేకపోయినా రాడికల్స్ విడుదల చేసే ఒక అజో సమ్మేళనం నింపారు. అది కారిపోకుండా లారిక్ ఆమ్లంతో మూశారు. కొబ్బరినూనెలో దాదాపు సగం ఉండేది ఈ లారిక్ ఆమ్లమే. చలికాలం ఉదయం గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను ఎండలో పెడితే ఎలా కరుగుతుందో, ఈ మూత కూడా నలభై నాలుగు డిగ్రీల దగ్గర అలాగే కరుగుతుంది. పరారుణ లేజర్ వెలుగు పడితే బంగారం వేడెక్కుతుంది, మూత కరుగుతుంది, మందు బయటికొచ్చి అదే వేడికి చీలి రాడికల్స్ పుడతాయి. లేజర్ పడని చోట మూత మూతగానే ఉంటుంది. ఆక్సిజన్ లేక మొండికేసిన కణాలు కూడా దీనికి చచ్చాయి. ఆ ప్రయోగం జరిగింది గాజుపాత్రల్లో పెంచిన కణాల మీద.

నూటికి ఒక్కటీ చేరదు

ఇంత తెలివైన రేణువులు తయారవుతుంటే ఆసుపత్రుల్లో ఎందుకు కనబడవు? 2016లో టొరంటో యూనివర్సిటీలో వారెన్ చాన్ బృందం, అంతకు ముందు పదేళ్లలో అచ్చయిన జంతు ప్రయోగాల లెక్కలన్నీ ఒకచోట పోగేసింది. రక్తంలోకి ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతావి ఎక్కువగా కాలేయం, ప్లీహం పట్టేసుకున్నాయి. కణితి రక్తనాళాలు సందులు సందులుగా ఉంటాయి కాబట్టి నానో మందులు అక్కడే పోగవుతాయన్న ఊహ జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా 1986లో చెప్పిన దగ్గర్నుంచీ ఈ రంగాన్ని నడిపించింది. టొరంటో లెక్క ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. ఆ అంకె ఇబ్బందికరంగా ఉందని పక్కన పెట్టకుండా ప్రపంచం ముందుంచినందుకు ఆ బృందానికి రోగులంతా రుణపడి ఉండాలి.

గురి తప్పిన రాడికల్స్ ఏం చేస్తాయో ఎర్రటి కీమో మందు డాక్సోరూబిసిన్ వాడిన ప్రతి డాక్టరుకూ తెలుసు. క్యాన్సర్‌ను బాగా చంపుతుంది, కానీ మోతాదు మించితే గుండె కండరం దెబ్బతింటుంది. గుండెలో పుట్టే ఫ్రీ రాడికల్స్ అందుకు ఒక కారణం. 1995లో అమెరికాలో ఆమోదం పొందిన డాక్సిల్, అదే మందును కొవ్వు బుడగల్లో చుట్టి ఇచ్చే నానో రూపం. కణితి మీద గొప్ప గెలుపు కన్నా, గుండెకు ముప్పు తగ్గించడమే దాని అసలు విజయం. లైపోసోమల్ డాక్సోరూబిసిన్ పేరుతో మన ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు. నానో మందంటే రేపటి మాట అనుకోనక్కర్లేదు.

రక్తంలో తిప్పి పంపితే దారి తప్పుతుంటే, సూదితో నేరుగా కణితిలోకే ఎక్కించొచ్చు కదా? ఫ్రాన్స్‌కు చెందిన నానోబయోటిక్స్ కంపెనీ చేసింది అదే. హాఫ్నియం అనే బరువైన లోహపు ఆక్సైడ్‌తో రేణువులు తయారుచేసింది. రేడియేషన్ మొదలయ్యే ముందు ఒకసారి కణితిలోకి ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత మామూలు కరెంటు గదే, మామూలు మోతాదే. ఎక్స్‌రే పడినప్పుడు హాఫ్నియం నీటి కన్నా ఎన్నో రెట్లు శక్తిని పీల్చుకుని ఎలక్ట్రాన్లు వెదజల్లుతుంది, దాంతో రాడికల్స్ పెరుగుతాయి. ఎక్స్‌రే లేనప్పుడు ఊరికే కూర్చుంటుంది. కండరాలు, కొవ్వులో వచ్చే సార్కోమా రోగుల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఆపరేషన్ చేసి చూస్తే కణితి దాదాపు పూర్తిగా చచ్చిపోయి కనిపించింది ఈ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 16 శాతం మందిలో, రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో 8 శాతం మందిలో. అదే ఏడాది యూరప్ ఆమోదం ఇచ్చింది. ఇప్పుడు సిస్‌ప్లాటిన్ కీమో తట్టుకోలేని వృద్ధుల తల, మెడ క్యాన్సర్ల మీద మూడో దశ పరీక్ష చేపట్టారు.

మనకు ఎక్కువ పనికొచ్చేది ఇక్కడే అని ఈ కథనం గట్టిగా నమ్ముతోంది. మన దేశంలో మగవాళ్లకు ఎక్కువగా వచ్చేది నోటి క్యాన్సర్. గుట్కా, ఖైనీ, బీడీ అమ్మని బడ్డీకొట్టు బళ్లారి వైపు గానీ అనంతపురం వైపు గానీ అరుదు. నోట్లో, బుగ్గలో, నాలుక మీద కణితి కంటికి కనిపిస్తుంది, సూదికి అందుతుంది, లేజర్ వెలుగూ చేరుతుంది. కాలేయం దాటుకుని వెళ్లాల్సిన అవసరమే లేదు. పాంక్రియాస్ లోతుల్లోని కణితి కోసం కనిపెట్టే నానో మందు మన పల్లెకు చేరడానికి చాలా కాలం పట్టొచ్చు. నోటి కణితికి సూదితో ఇచ్చేది అంతకన్నా ముందే రావచ్చు.

హైదరాబాద్ ల్యాబులు ఈ రంగంలో వెనకేం లేవు. తార్నాకలోని ఐఐసీటీలో చిత్తరంజన్ పాత్ర బృందం ఆకుల సారంతో వెండి, బంగారు నానో రేణువులు తయారుచేసి, అవి క్యాన్సర్ కణాల్లో రియాక్టివ్ ఆక్సిజన్‌ను పెంచి ఎలా చంపుతాయో చూపిస్తూ ఏళ్లుగా పరిశోధన పత్రాలు ప్రచురిస్తోంది. సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో అరవింద్ కుమార్ రెంగన్ బృందం వెలుగుతో పనిచేసే నానో మందుల మీద పనిచేస్తోంది. రెంగన్ ఐఐటీ బాంబేలో ఉండగా బంగారం పూసిన లైపోసోమ్‌లతో ఎలుకల్లో కణుతులను తగ్గించిన పరిశోధన 2015లో ‘నానో లెటర్స్’లో వచ్చింది. పని ముగిశాక ఆ బంగారం శరీరంలో పోగుపడకుండా చిన్న ముక్కలై బయటికి పోయేలా చూడటం అందులోని ముఖ్యమైన మెలకువ. కణితిలో చొప్పించిన లోహం తర్వాత ఎక్కడికి పోతుందన్నది రోగి తప్పక అడగాల్సిన ప్రశ్న కూడా.

మాత్రల సంగతి

రేడియేషన్ తీసుకునే రోగికి బలం కోసమని చుట్టాలు తెచ్చిచ్చే వాటిలో విటమిన్ ఇ, బీటా కెరోటిన్ మాత్రలు తరచూ ఉంటాయి. ప్రేమతో తెచ్చేవే. కానీ చికిత్స నడిచేది రాడికల్స్ మీద ఆధారపడి, మాత్రల పని రాడికల్స్‌ను ఆర్పడం. కెనడాలోని క్యుబెక్‌లో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. మాత్రలు తీసుకున్నవారికి రేడియేషన్ బాధలు కొంత తగ్గాయి గానీ, వ్యాధి తిరగబెట్టే ధోరణి ఎక్కువగా కనిపించింది. విటమిన్ ఇ వాడినన్నాళ్లూ రెండో క్యాన్సర్లు కూడా ఎక్కువగా వచ్చాయి. అంతకు ముందు ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మంది మీద చేసి, 1994లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. పళ్లు, కూరగాయలు, ఆకుకూరలు తినడానికి ఏ అడ్డూ లేదు. సీసాలో గట్టి మోతాదుగా వచ్చే మాత్రల గురించి మాత్రం రేడియేషన్ డాక్టరుకు ముందే చెప్పాలి.

రెండో రకం మాత్ర గురించీ ఇక్కడే చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో టాటా మెమోరియల్ సెంటర్ వంద రూపాయల మాత్రతో క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపొచ్చంటోందని టీవీలు, వాట్సాప్ గ్రూపులు హోరెత్తాయి. దాని వెనక ఉన్నది కూడా ఫ్రీ రాడికల్సే. ఆ మాత్రలోని రాగి, రెస్వెరట్రాల్ అనే పదార్థం కలిస్తే కడుపులో ఆక్సిజన్ రాడికల్స్ పుట్టి, చచ్చిపోయే క్యాన్సర్ కణాలు రక్తంలోకి వదిలే క్రోమోజోమ్ ముక్కలను నాశనం చేస్తాయన్నది డాక్టర్ ఇంద్రనీల్ మిత్రా బృందం వాదన. వాదనకు ఎలుకల్లో, తక్కువ మంది రోగుల్లో చేసిన అధ్యయనాల ఆధారం ఉంది. క్యాన్సర్ తిరగబెట్టడం నిజంగా ఆగుతుందా అన్నది వేల మంది మీద ఏళ్ల తరబడి చూస్తే గానీ తేలదు. ఆ వార్త చూసి కీమో మధ్యలో మానేస్తే జరిగే నష్టం మాత్రం వెంటనే తెలుస్తుంది.

నానో మందు ఇస్తామని ఎవరైనా అంటే సరిచూసుకోవడానికి ఒక ప్రభుత్వ దారి ఉంది. దేశంలో మనుషుల మీద జరిగే ప్రతి మందు పరీక్షా 2009 జూన్ నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో తప్పనిసరిగా నమోదు కావాలి. ఆ జాబితాను ఎవరైనా ఉచితంగా వెతికి చూడొచ్చు. 2019లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం పరీక్షకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారం కూడా చెల్లించాలి. రోగి సంతకం పెట్టే అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. కన్నడ ఊళ్లో తెలుగు ఇంట్లో పెరిగిన మనిషికి ఏ భాషలో బాగా అర్థమవుతుందో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే. తెలుగులో కావాలంటే తెలుగులోనే ఇవ్వాలి. చదవలేకపోతే పక్షపాతం లేని సాక్షి ఒకరు దగ్గరుండగా, మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి.